అవ్వ బ్రతికే ఉంది

మన సంఘపు అవ్వ ఒకామె, బంజారా హిల్స్‌లో ఇళ్లలో పనిచేసుకునే కూతురి దగ్గర నాలుగు నెలలుండి ఊరికొచ్చింది. వచ్చేసరికి 2016 రూపాయల ఆసరా పింఛను ఆగిపోయింది. జాబితాలో ఆమె "మరణించింది". "గీ వేలు సూడు సారూ, కదులుతలేదా?" అంది ఆఫీసులో. లాజరు సమాధిలోంచి వచ్చినప్పుడు ఎవరూ కాగితం అడగలేదు మరి!

ఉత్తరప్రదేశ్, ఆజంగఢ్ జిల్లా లాల్ బిహారీని భూమి కోసం బంధువులే చనిపోయాడని రాయించారు. పేరుకు "మృతక్" అని తగిలించుకొని 18 ఏళ్లు పోరాడాడు. 1994లో గాని రికార్డు మారలేదు.

అవ్వకు అంత వ్యవధి లేదు. ఆధార్, బ్యాంకు పుస్తకంతో దరఖాస్తు ఇచ్చాం. ఈమె ఈమేనని పక్కింటివాళ్లు ఇద్దరు సంతకం పెట్టారు. డబ్బు ఇంకా పడలేదు. సోమవారం మళ్లీ మండల ఆఫీసుకు వెళ్తున్నాం, ఆటోలో ఇద్దరికి చోటుంది.