స్పీకర్ గ్రిల్లు కొంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి!

ఏమండోయ్, మీ గోల్డ్‌వింగ్ మోటార్‌సైకిల్ మీద ఆ స్పీకర్ గ్రిల్ పగిలి ఎన్నాళ్లయింది? నిజం చెప్పండి. ఎడమవైపుది మూలన ముక్క ఊడింది. కుడివైపుది ఎండకి వెలిసిపోయింది. రెండింటి మీదా కిందటి వేసవి పురుగులు ఇంకా అంటుకునే ఉన్నాయి. గోడ మీద నుంచి చూస్తూనే ఉన్నాను లెండి. ఇంజిన్ ఆయిల్ మాత్రం వేళకి మారుస్తారు. టైర్లలో గాలి రోజూ చూస్తారు. పాట వచ్చే దారి మీద ఇంత చిన్నచూపా?

మార్చేద్దామంటున్నారా? సంతోషం. కానీ "గ్రిల్లే కదా, ఏది చవగ్గా వస్తే అది" అన్నారు చూశారూ, అక్కడ నాకు గుండె గుభేలుమంది. గ్రిల్లంటే రేకు కాదండీ బాబూ. చిల్లులు! డబ్బులిచ్చేది రేకుకి, పని చేసేది చిల్లులు. చిల్లులు బావుంటే పాట బావుంటుంది. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే చాలు, ఏ గ్రిల్ కొనాలో మీకే తెలిసిపోతుంది. కాఫీ తాగుతూ వినండి, చల్లారిపోతోంది.

అసలు మనం ఉంటున్న చోటేమిటి? ఒహాయోలో కొలంబస్. ఇక్కడ 33వ నంబరు రోడ్డెక్కితే మేరీస్‌విల్ రాదూ? 1980లో హోండా వాళ్లు గోల్డ్‌వింగ్ బళ్లు అక్కడే తయారుచెయ్యడం మొదలుపెట్టారు. దాదాపు ముప్ఫై ఏళ్లు అక్కడే చేశారు. అంటే ఇది మన ఊరి బండేనన్నమాట! 1975లో మొదటి గోల్డ్‌వింగ్, జీఎల్1000, వచ్చినప్పుడు దానికి పాటా లేదు, ముందు గాలికి అడ్డమూ లేదు. జనం ఊరుకుంటారా? క్రెయిగ్ వెటర్ గారి విండ్‌జామర్ ఫెయిరింగ్ తెచ్చి బిగించుకున్నారు. సంగతి గ్రహించి 1980లో హోండా వాళ్లే ఫెయిరింగుతో ఇంటర్‌స్టేట్ మోడల్ దింపారు. కావాలంటే స్టీరియో కూడా పెట్టించుకోవచ్చు. 1988లో ఆరు సిలిండర్ల జీఎల్1500 వచ్చేసరికి క్యాసెట్లు పాడాయి. 2018 మోడల్‌కి యాపిల్ కార్‌ప్లే వచ్చేసింది. మోటార్‌సైకిల్ మీద అది రావడం అదే మొదలు. ఇంత చరిత్ర ఉన్న పాటకి గుమ్మం దగ్గర విరిగిన తలుపా?

ఇప్పుడు అసలు కథ. మీరు హైవే మీద గంటకి వంద కిలోమీటర్లు దాటారు. గాలి హోరు హెల్మెట్ లోపల 90 డెసిబెల్స్ పైనే ఉంటుంది. ఆ హోరులో ఎక్కువ భాగం లోతు శబ్దమే. కాబట్టి పాటలో ముందు మాయమయ్యేది బేస్. మృదంగం ఎడమచేతి గుమికీలు, బేస్ గిటారు అన్నీ గాలిలో కలిసిపోతాయి. మీ చెవిదాకా చేరేది గొంతూ, వయొలినూ, తాళాలూ, గజ్జెలూ. అంటే మధ్య స్వరాలూ, పై స్వరాలూ. సరిగ్గా వాటినే ఆపేది ఏమిటో తెలుసా? మందపాటి రేకూ, సన్న చిల్లులూ. గాలి బేస్ తీసుకుపోయె, గ్రిల్ ట్రెబుల్ తీసుకుపోయె. ఇక మిగిలిందేమిటి మనకి?

పరీక్ష చెబుతాను. గ్రిల్ చేతికి రాగానే ఇంట్లో మామూలు స్పీకర్ మీద ఘంటసాల గారి పద్యం ఏదైనా పెట్టండి. గ్రిల్‌ని స్పీకర్ ముందు పట్టుకోండి, తీసెయ్యండి, మళ్లీ పట్టుకోండి. శ, ష, స వినండి. అవి బతికేది పై స్వరాల్లోనే. అడ్డం పెట్టినప్పుడు ఆ అక్షరాలు మొద్దుబారితే గ్రిల్ వెనక్కి పంపెయ్యండి, మొహమాటం వద్దు. తేడా తెలియకపోతే ఆ గ్రిల్ బంగారం. మా ఇంట్లో ఈ పరీక్ష పెట్టినప్పుడు వంటింట్లోంచి మా ఆవిడ "ఇప్పుడు అడ్డం పెట్టారు, ఇప్పుడు తీశారు" అని చూడకుండానే చెప్పేసింది. చెవులంటే అవీ!

లెక్క కావాలా? ఇదీ సరదాగానే ఉంటుంది. గుండ్రటి చిల్లులు వరస మార్చి వరస పేర్చిన రేకు తీసుకోండి. చిల్లు 2 మిల్లీమీటర్లు, ఒక చిల్లు నడుమ నుంచి పక్క చిల్లు నడుమకి 3 మిల్లీమీటర్లు అనుకుందాం. అప్పుడు రేకులో తెరిచి ఉన్న జాగా 40 శాతమే. మిగతా 60 శాతం గోడ! అదే చిల్లు 5, దూరం 6 చేయండి. 63 శాతం తెరుచుకుంటుంది. గుండ్రటివి మానేసి ఆరు పలకల చిల్లులు పెడితే అవే కొలతలకి 69 శాతం. మధ్యలో మిగిలే పట్టీ అంతటా ఒకే వెడల్పు, ఎక్కడా రేకు వృథా పోదు. ఎంత ముచ్చటైన సంగతో చూడండి. దుకాణంలో స్కేలు తియ్యక్కర్లేదు. గ్రిల్ ఎత్తి కిటికీ వైపు చూడండి. వెలుతురు ధారాళంగా వస్తోందా? పాటా వస్తుంది.

అన్నట్టు, స్టర్జిస్ గురించి చెప్పలేదు కదూ! సౌత్ డకోటాలో 1938 నుంచి జరుగుతున్న మోటార్‌సైకిళ్ల జాతర. ఆగస్టులో అక్కడి వీధుల్లో నిలబడితే హార్లీల మీద ఎన్ని రకాల గ్రిల్లో! మంటలు, గద్దలు, జెండాలు, పుర్రెలు. లేజరుతో ఎంత నాజూకుగా కోస్తారో. చూడటానికి నాకు భలే ఇష్టం. కానీ ఆ పుర్రెని దగ్గరగా గమనించండి. నుదురంతా చిల్లు లేని రేకు. ఆ నుదురు ఎక్కడ కూర్చుంది? గ్రిల్ నట్టనడుమ. స్పీకర్ నట్టనడుమ ఉండేదెవరు? పై స్వరాలు పలికే ట్వీటర్! గజ్జెల నోరు నొక్కేసింది పుర్రె. బొమ్మ కావాలంటే వేయించుకోండి, ఎవరు కాదన్నారు? అంచున వేయించుకోండి.

ఇంకో మాట. ట్వీటర్ కొన్ని స్పీకర్లలో ముందుకి పొడుచుకొస్తుంది. కోన్ కూడా బేస్ కొట్టినప్పుడు ముందుకి దూకుతుంది. గ్రిల్ చదునుగా ఉంటే లోపల తగిలి టపటపమంటుంది. అందుకే కొంచెం ఉబ్బెత్తుగా ఉన్నది తీసుకోండి. "ఆరున్నర అంగుళాలు" అని పెట్టె మీద రాసింది చూసి సరిపెట్టుకోకండి. స్క్రూ చిల్లుల దూరం కొలవండి, లోతు కొలవండి, మీ బండి ఏ సంవత్సరానిదో చెప్పి మరీ అడగండి. హార్లీ వాళ్లలోనే స్ట్రీట్ గ్లైడ్‌ ఫెయిరింగ్ వేరు, రోడ్ గ్లైడ్‌ ఫెయిరింగ్ వేరు.

క్రోమ్ మీద మనసు పడ్డారా? తళతళలాడుతుంది, ఒప్పుకుంటాను. కానీ ముందు స్పీకర్లు చూసేది మీ వైపే కదండీ! మధ్యాహ్నం ఎండ ఆ క్రోమ్ మీద పడి సూటిగా మీ కళ్లలోకే. ముందువాటికి మెరుపు లేని నలుపు వేయించుకోండి. క్రోమ్ ముచ్చట వెనక ట్రంక్ వాటితో తీర్చుకోండి. స్టెయిన్‌లెస్ స్టీలైతే తుప్పు బెడద తక్కువ. మామూలు ఇనుమైతే రంగు లేచిన చోటల్లా తుప్పే. ప్లాస్టిక్ తేలిక, తుప్పే ఎరగదు, కానీ ఎండకి పెళుసెక్కి చలిలో క్లిప్పులు పుటుక్కుమంటాయి. మన ఒహాయో చలి సంగతి మీకు నేను చెప్పాలా?

బండి రంగే గ్రిల్‌కీ వేయిస్తానంటున్నారు. వేయించండి, కానీ చిల్లులు మరచిపోకండి! పౌడర్ కోటింగ్ అంచుకి 0.08 మిల్లీమీటర్లు పట్టినా 2 మిల్లీమీటర్ల చిల్లు 1.84కి దిగుతుంది. ఇందాకటి 40 శాతం కాస్తా 34 అయిందా? పిండి పేరుకున్న జల్లెడలా అయిపోతుంది పాపం. రంగు వేయించేట్టయితే ముందే పెద్ద చిల్లులది కొనండి.

వాన ఆగుతుందా అని అడుగుతారని తెలుసు. ఆగదు. గ్రిల్ పని రాళ్లూ వేళ్లూ ఆపడం. వాన తట్టుకోవాల్సింది వెనక ఉన్న స్పీకర్, పాలీప్రొపిలీన్ కోన్ ఉన్నదైతే నిశ్చింత. మీరు మాత్రం ప్రెషర్ వాషర్ గొట్టం సూటిగా అటు తిప్పకండి. పాత టూత్‌బ్రష్షూ సబ్బునీళ్లూ చాలు. గ్రిల్ బిగించేటప్పుడు అంచు చుట్టూ సన్నటి ఫోమ్ టేపు అంటించండి. బిగించాక వేలి కణుపుతో తట్టండి. "టప్" మంటే కుదిరినట్టు. "టింగ్" మందా, విప్పి మళ్లీ బిగించండి.

ఎడమది ఒక్కటే విరిగింది కదా అని ఒక్కటే తెప్పిస్తారేమో! జత కొనండి. వెలిసిన దాని పక్కన కొత్తది ఎక్కిస్తే బండికి ఒక కన్ను మూసినట్టుంటుంది. వెనక స్పీకర్ల గ్రిల్లు ఎన్నుకునేటప్పుడు మీ ఆవిణ్ణి పిలవండి. ఆ స్పీకర్లు ఆవిడవి, పాట ఆవిడది, ఎంపికా ఆవిడదే. ఈ ఆదివారం 555వ నంబరు రోడ్డు మీద ఆ మలుపులన్నీ తిరిగొద్దామన్నారు కదా? ఈలోగా తెప్పించి బిగించెయ్యండి. పద్యం మీరు పెట్టండి, శ, ష, స లెక్క నేను చూస్తాను.