పొలంలో బస, వెంట పెంపుడు కుక్క

ఇంటినే చక్రాలమీద ఎక్కించి, కుక్కను పక్కన కూర్చుండబెట్టుకొని వచ్చే బాటసారికి రైతు ఎందుకు చోటిస్తున్నాడు? ఆ చోటును నిలబెట్టుకోవడానికి బాటసారి ఏమి నేర్చుకోవాలి?

అమెరికా ఈశాన్య మూలనున్న వెర్మాంట్ రాష్ట్రంలో పచ్చని కొండల నడుమ పాడి క్షేత్రాలు అనేకం ఉన్నవి. వేసవి సాయంకాలాలలో, పాలు పితికే పని ముగింపుకు వచ్చే వేళకు, ఆ సన్నని దారుల వెంట అప్పుడప్పుడు పెద్ద వాహనమొకటి నెమ్మదిగా వచ్చి పశువుల కొట్టానికి కొంత ఎడంగా గడ్డినేల మీద ఆగుతుంది. అందులో పడక ఉంటుంది, పొయ్యి ఉంటుంది, స్నానపు గది ఉంటుంది. ముందు కిటికీలోనుంచి ఒక కుక్క మెడ చాచి, తానెన్నడూ ఎరుగని వాసనలను ఆత్రంగా పీలుస్తూ ఉంటుంది. వచ్చినవారు రైతుకు చుట్టాలు కారు. అతడు వారిని మునుపెన్నడూ చూచి కూడా ఉండడు. అయినా ఆ రాత్రికి వారు అతని అతిథులు. బసకు అద్దె లేదు. తెల్లవారిన తర్వాత వారి దారిన వారు వెళ్ళిపోతారు.

చూడటానికి ఇది చాలా తేలికైన ఏర్పాటు. కాని దీనికి పునాది పరస్పర విశ్వాసం. ఆ విశ్వాసాన్ని ఎక్కువగా పరీక్షకు పెట్టేది వచ్చిన మనిషికంటె అతని వెంట వచ్చిన జంతువే.

ద్రాక్షతోటలలో మొలకెత్తిన ఆలోచన

అమెరికనులు ముద్దుగా ‘ఆర్.వి.’ అని పిలుచుకొనే ఈ ఇంటిబండికి నూరేళ్ళు దాటిన చరిత్ర ఉన్నది. 1910లోనే పియర్స్-యారో అనే మోటారు కంపెనీ, వెనుక సీటు పడకగా మారే విహార వాహనాన్ని న్యూయార్కు ప్రదర్శనలో ఉంచింది. తర్వాతి దశాబ్దాలలో వాహనం పెరిగింది, సౌకర్యాలూ పెరిగాయి. నేటి ఇంటిబండిలో మూడు తొట్లు ముఖ్యమైనవి. ఒకటి మంచినీటికి, రెండవది స్నానానికీ గిన్నెలు కడగడానికీ వాడిన నీటికి, మూడవది మరుగుదొడ్డి మలినాలకు. ఈ మూడూ సక్రమంగా ఉన్న బండి, ఒక రాత్రి ఎక్కడ ఆగినా ఆ నేలమీద చుక్క మురికినీరు వదలవలసిన అవసరం ఉండదు.

ఈ సౌలభ్యాన్ని గ్రామసీమలతో కలిపిన ఘనత ఫ్రెంచివారిది. 1992లో ‘ఫ్రాన్స్ పాసియోన్’ అనే సంస్థ ఆరంభమైంది. ఇంటిబండ్లలో తిరిగేవారిని ద్రాక్షసారా తయారుచేసే రైతుల వద్దకు ఆహ్వానించడం దాని ఉద్దేశం. సభ్యుడు ఏటేటా చందా కట్టి, ఆతిథేయుల వివరాలు గల దర్శినిని పొందుతాడు. ఇరవైనాలుగు గంటలకు మించకుండా ఆగవచ్చు. బసకు రుసుము లేదు. ఏదైనా కొని తీరాలన్న నిర్బంధమూ లేదు. బండిలో నీటి ఏర్పాట్లు మాత్రం సొంతంగా ఉండి తీరాలి. క్రమంగా మేకపాలతో జున్ను చేసేవారు, ఆలివ్ తోటలవారు, తేనెటీగలు పెంచేవారు కూడ చేరగా ఆతిథేయుల సంఖ్య రెండు వేలు దాటింది.

2009లో ఇదే పద్ధతి ‘హార్వెస్ట్ హోస్ట్స్’ పేరుతో అమెరికాకు చేరింది. అక్కడ కూడ సభ్యత్వ రుసుము సంస్థకు చెందుతుంది. రైతుకు బాడుగ ఉండదు గాని, అతిథి అతని దుకాణంలో ఎంతో కొంత కొని వెళ్ళడం మర్యాద అని సంస్థ ముందుగానే చెబుతుంది. నేడు అమెరికాలో పాడి క్షేత్రాలు, పండ్లతోటలు, ద్రాక్షతోటలు, అల్పాకా మందలు పెంచే కమతాలు కలిసి వేలాది చోట్ల ఈ విధంగా రాత్రి బస లభిస్తున్నది.

రచయిత, అతని రాయబారి

ఈ సంస్థలేవీ లేని కాలంలోనే ఒక ప్రసిద్ధ రచయిత ఈ తరహా ప్రయాణం చేశాడు. 1960 సెప్టెంబరులో జాన్ స్టయిన్‌బెక్, తన దేశాన్ని మళ్ళీ ఒకసారి కళ్ళారా చూడాలన్న కోరికతో, న్యూయార్కు సమీపంలోని సాగ్ హార్బర్ నుంచి బయలుదేరాడు. ట్రక్కు వెనుక చిన్న ఇల్లు అమర్చుకొని, దానికి డాన్ క్విక్సోట్ గుర్రం పేరిట ‘రోసినాంతే’ అని నామకరణం చేశాడు. వెంట ఉన్నది చార్లీ అనే వయసు మళ్ళిన ఫ్రెంచి పూడిల్ కుక్క. పదివేల మైళ్ళ ఆ యాత్ర 1962లో ‘ట్రావెల్స్ విత్ చార్లీ’ పుస్తకమై వెలువడింది. అదే సంవత్సరం ఆయనకు నోబెల్ బహుమానం లభించింది. ఆ పుస్తకంలో కల్పన పాలు ఎంత అన్న విషయంపై తర్వాతి కాలంలో వాదాలు నడిచాయి గాని, ప్రయాణపు మర్యాదల గురించి అది చెప్పే సంగతులు నేటికీ పనికివచ్చేవే.

న్యూహాంప్‌షైర్ కొండలలో ఆయన ఒక రైతు ఇంటి ముందు ఆగి, మొదట డజను కోడిగుడ్లు కొన్నాడు. ఆ పిమ్మట సెలయేటి పక్కన రాత్రి ఉండటానికి అనుమతి అడిగాడు. డబ్బు ఇస్తానని కూడ అన్నాడు. ముందు కొనుగోలు, తర్వాత విన్నపం: నేటి ఇంటిబండి సంఘాలు కాగితంమీద పెట్టిన నియమం ఆనాడే ఆచరణలో ఉన్నదన్నమాట. మెయిన్ రాష్ట్రపు బంగాళాదుంప పొలాల ప్రాంతంలో, కెనడా నుంచి కూలికి వచ్చిన ఫ్రెంచి కుటుంబాలతో పరిచయం చేసుకోవడానికి ఆయన చార్లీనే రాయబారిగా పంపాడు. వారు వంట మొదలుపెట్టే వేళకు కుక్కను వదలి, తర్వాత క్షమాపణ చెప్పుకొంటూ వెళ్ళి తెచ్చుకున్నాడు. ఆ రాత్రి వారందరూ రోసినాంతేకు అతిథులై వచ్చారు.

కూలీల విడిదిలో ఫలించిన ఈ ఉపాయం పశువులున్న కొట్టం దగ్గర పనికిరాదు. అందుకు కారణం అదే పుస్తకంలో ఉన్నది. ఎల్లోస్టోన్ జాతీయ వనంలోకి ప్రవేశించిన కొద్దిసేపటికే, ఎన్నడూ ఎవరిమీదా కోపగించుకోని చార్లీ ఒక ఎలుగుబంటిని చూచి వెర్రెత్తినట్లు మొరిగింది. యజమాని మాట దాని చెవికెక్కలేదు. స్టయిన్‌బెక్ వనంలోని వింతలు చూడకుండానే బండి వెనుకకు తిప్పవలసివచ్చింది. ‘మా కుక్క చాలా నెమ్మది’ అని చెప్పే ప్రతి యజమానీ జ్ఞాపకముంచుకోదగిన ఉదంతమిది. నడిబొడ్డు నగరంలో పెరిగిన కుక్క నెమ్మది, దాని జీవితంలో మొదటి గొర్రె ఎదురుపడేవరకు ఎవరికీ తెలియదు.

గొలుసు ఎందుకు విప్పరాదు?

పొలంలో అడుగుపెట్టే ముందే అతిథి ఫోనుచేసి, వెంట జంతువు ఉన్నదని చెప్పి, అనుమతి తీసుకోవాలి. కొందరు ఆతిథేయులు కుక్కలను రానివ్వరు. అది వారి హక్కు. రానిచ్చినచోట గొలుసు విప్పరాదు. ఈ కట్టుబాట్లు అతిథిని చిన్నబుచ్చడానికి ఏర్పడినవి కావు. వీటిలో ప్రతి ఒక్కదాని వెనుక ఒక నష్టం చరిత్ర ఉన్నది.

కుక్క ఆటకే తరిమినా గొర్రెకు అది ప్రాణభయమే. చూలుతో ఉన్న గొర్రె ఆ బెదురుకు ఈచుకుపోవచ్చు. మంద కంచెమీద పడి గాయపడవచ్చు. కోళ్ళ గుంపులోకి దూరిన కుక్క కొన్ని నిమిషాలలో చేసే హాని చెప్పనక్కరలేదు. ఇక మందలను కాచే శునకాల సంగతి వేరు. గ్రేట్ పైరెనీస్, మరెమ్మా, అనటోలియన్ వంటి పెద్ద జాతులు 1970ల చివరినుంచి అమెరికా గొర్రెల కాపరులలో వ్యాప్తిలోకి వచ్చినవి. వాటిని పిల్లతనం నుంచే గొర్రెల మధ్య పెంచుతారు. మందే వాటికి కుటుంబం. రాత్రంతా తిరుగుతూ మొరగడం వాటి ఉద్యోగం. వాటి దృష్టిలో కొత్త కుక్క అతిథి కాదు, తోడేలుకు తమ్ముడు. రాత్రి నిద్రాభంగమైందని ఆతిథేయునితో ఫిర్యాదు చేసే బాటసారి, కొట్టం దగ్గర బస అంటే ఏమిటో తెలియనివాడు.

కంటికి కనబడని ప్రమాదాలూ ఉన్నవి. నియోస్పోరా అనే సూక్ష్మజీవి కుక్క మలం ద్వారా మేతలోకి, నీటిలోకి చేరి ఆవులలో గర్భస్రావం కలిగించగలదు. కాబట్టి కుక్క విడిచిన మలాన్ని వెంటనే ఎత్తి సంచిలో వేసుకోవడం శుభ్రతకు మించిన విషయం. రైతుకు అది దూడ ప్రాణం. రోగం ఎదురు దిశలోనూ నడుస్తుంది. 2024 మార్చిలో అమెరికా పాడి ఆవులలో హెచ్5ఎన్1 పక్షిజ్వరం బయటపడినప్పుడు, టెక్సాస్ క్షేత్రాలలో పచ్చిపాలు తాగిన పిల్లులు అనేకం మరణించాయి. పెంపుడు పిల్లిని బండి దాటి తిరగనివ్వకుండుట, ఏ జంతువుకూ పచ్చిపాలు పోయకుండుట ఇరుపక్షాలకూ క్షేమం.

బండిలో కట్టి ఉంచితే సరిపోతుందా? అందులోనూ ఆపద ఉన్నది. బయట 27 డిగ్రీల సెల్సియస్ ఉన్న ఆహ్లాదకరమైన పగటివేళ, మూసిన కారులో వేడి పది నిమిషాలలో 37 డిగ్రీలకు, అరగంటలో 45 డిగ్రీలకు పైగా పెరుగుతుంది. పొలాలలో చాలాచోట్ల విద్యుత్తు సౌకర్యం ఇవ్వరు. చల్లదనపు యంత్రాన్ని నడపాలంటే బండిలోని జనరేటరే గతి. దాని చప్పుడు పశువులను బెదరిస్తుంది. అందుచేత అనుభవజ్ఞులు పగటి ప్రయాణం త్వరగా ముగించి, చెట్టునీడ చూచుకొని, యజమానులలో ఒకరు జంతువు దగ్గర ఉండగా మరొకరు క్షేత్రం చూచి వస్తారు.

సరిహద్దు దాటేవారికి ఇంకొక జాగ్రత్త అవసరం. నయాగరా దగ్గర కెనడాలోకి పోబోయిన స్టయిన్‌బెక్‌కు, చార్లీకి పిచ్చికుక్క వ్యాధి టీకా వేసినట్లు పత్రం లేకపోతే తిరిగి స్వదేశానికి రావడమే కష్టమని తెలిసి, ఆ దారి మానుకోవలసివచ్చింది. 2024 ఆగస్టు నుంచి అమెరికాలో ప్రవేశించే కుక్కకు ఆరు నెలల వయసు నిండి ఉండాలనీ, చర్మం కింద గుర్తింపు చిప్ ఉండాలనీ నిబంధన వచ్చింది.

రైతుకు దక్కేదేమిటి?

ఇన్ని చిక్కులుండగా రైతు అపరిచితునికి గేటు ఎందుకు తెరుస్తున్నాడు? జవాబు లెక్కలలో ఉన్నది. 1935లో అమెరికాలో 68 లక్షల కమతాలుండేవి. 2017 వ్యవసాయ గణనలో అవి 20 లక్షల 42 వేలు. 2022 గణనలో 19 లక్షలు. అయిదేళ్ళలో లక్షా నలభై వేలకు పైగా కమతాలు లెక్కలోనుంచి జారిపోయినవి. పాలకేంద్రానికి పాలు పోసే చిన్న రైతు ధర నిర్ణయించలేడు, ఇచ్చింది పుచ్చుకుంటాడు. అదే పాలను జున్నుగా చేసి తన గడపలోనే అమ్మితే ధర అతని చేతిలో ఉంటుంది. కావలసిందల్లా ఆ మారుమూలకు కొనేవాడు రావడమే. ఇంటిబండి ఆ కొనేవాణ్ణి గడప ముందుకు తెచ్చి నిలుపుతున్నది.

కొనుగోలుకు మించినది కూడ ఒకటి ఉన్నది. వెర్మాంట్ రైతులు చలికాలం చివర, రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజులలో, మేపుల్ చెట్లకు రంధ్రాలు చేసి రసం సేకరిస్తారు. ఒక లీటరు పాకం తయారుకావాలంటే సుమారు నలభై లీటర్ల రసం మరగాలి. కొట్టులో సీసా ధర చూచి పెదవి విరిచినవాడు, రైతు వెంట ఆ పొయ్యి దాకా నడిచి ఈ లెక్క విన్న తర్వాత బేరమాడడు. చిమ్మచీకటిలో లేచి కొట్టానికి పోయే లాంతరును కిటికీలోనుంచి ఒక్కసారి చూచినవానికి ఉదయపు గ్లాసు పాల విలువ ఇంకొకరు చెప్పనవసరం లేదు.

దక్కను పీఠభూమి ఎరిగిన ఒప్పందం

భారతదేశంలో ఇంటిబండి కొత్త. మహారాష్ట్ర ప్రభుత్వం 2020లో వ్యవసాయ పర్యాటకానికి విధానం ప్రకటించింది. 2021లో కేరళ ‘కేరవాన్ కేరళ’ పథకాన్ని ప్రారంభించింది. కాని జంతువులను వెంటబెట్టుకొని బయలుదేరి రాత్రికి రైతు పొలంలో విడిది చేయడం ఈ నేలకు కొత్త కాదు. మహారాష్ట్రలోని ధన్‌గర్ కాపరులు అక్టోబరులో సజ్జ కోత ముగించుకొని, మందలతో, కుక్కలతో కొంకణ తీరానికి నడిచేవారు. వరి కోసిన మళ్ళలో మందను నిలిపితే రైతుకు ఎరువు, గొర్రెలకు కొయ్యకాలు మేత. రైతులు కాపరులకు బియ్యం ఇచ్చి పంపేవారు. తెలుగు నేలమీద గొల్ల, కురుమ కాపరుల మందను రాత్రి తన చేలో నిలిపించుకొని, బదులుగా ధాన్యమో డబ్బో ముట్టచెప్పడం రైతులకు తరతరాల వాడుక.

రెండు ఏర్పాట్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఒక్కచోటే కనబడుతుంది. గొర్రెల మంద వదలివెళ్ళేది రైతుకు కావాలి. అందుకే అతడు ఎదురు చెల్లించి పిలుస్తాడు. ఇంటిబండి, దానిలోని కుక్క వదలివెళ్ళగలిగేది ఏ రైతుకూ అక్కరలేదు. దానిని సంచిలోనూ తొట్టిలోనూ జాగ్రత్తగా మూటగట్టుకొని పోవాలి. మిగిలిన ధర్మమంతా ఒకటే. చీకటిపడే వేళ నేల ఇచ్చినవాడు, తెల్లవారి ‘మళ్ళీ ఈ దారిన వస్తే ఆగండి’ అనగలగాలి. ఆ మాట సంపాదించుకున్న బాటసారి తన వెనుక వచ్చే వేరొక బాటసారికీ, అతని కుక్కకూ కూడ గేటు తెరిపించి వెళ్తున్నాడు.