పొగమంచు పేరు పెట్టుకున్న ద్రాక్ష

ఇటలీ దేశం వెళ్ళి, పదిరోజులుండి, ద్రాక్షసారా చుక్క ముట్టకుండా తిరిగివచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబోలు. అందులోనూ వెళ్ళింది ఎక్కడికి? బారోలో పుట్టిన కొండలకు! మా కాలేజీలో తోటివాళ్ళు ఈ సంగతి విని, తిరుపతి వెళ్ళి దర్శనం చేసుకోకుండా వచ్చినట్టున్నదన్నారు. ఏం చేయను? మా అమ్మకు మాట యిచ్చాను. మాది నెల్లూరు జిల్లాలో ఒక పల్లె. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడిన రోజుల్లో, మా ఊళ్ళో చీపురుకట్ట పట్టుకుని బయలుదేరిన వాళ్ళలో మా అమ్మ ఒకతె. సారా అన్న మాట మా యింట్లో బూతుమాటతో సమానం. తెలుగు బైబిలులో దీన్ని ద్రాక్షారసమని మర్యాదగా అన్నారు. ఇకమీద నేనూ ఆ మాటే వాడతాను.

అందుచేత రుచుల వర్ణన కోసం చూసే పాఠకులకు నిరాశ తప్పదు. నేను చూసివచ్చింది తీగలను.

మా మేనల్లుడు టొరీనోలో చదువు ముగించి అక్కడే ఉద్యోగం చేస్తున్నాడు. నిరుడు అక్టోబరు మొదటివారంలో వాడి కారులో దక్షిణంగా బయలుదేరి ఆల్బా పట్టణం దాటి లాంగె కొండల్లో ప్రవేశించాము. కొండలంటే మన నల్లమల వంటివి కావు. ఒకదాని భుజం మీద ఒకటి ఒరిగి నిద్రపోతున్న గుట్టలు. గుట్ట నెత్తిన ఒక ఊరు, ఊరి నడుమ చర్చి గంటగోపురం, కిందంతా దువ్వెనతో దువ్వినట్టు ద్రాక్షవరసలు. 2014లో యునెస్కోవారు ఈ తోటలను ప్రపంచ వారసత్వపు జాబితాలో చేర్చారు. ఉదయం తొమ్మిదయినా లోయల్లో పాలు పోసినట్టు పొగమంచు నిలిచే ఉన్నది.

పొగమంచును అక్కడ 'నెబ్బియా' అంటారు. ఈ కొండలకు రాజు వంటి నల్లద్రాక్షకు 'నెబ్బియోలో' అన్న పేరు దాన్నుంచే వచ్చిందని ఎక్కువమంది చెబుతారు. మహా పేచీకోరు తీగ ఇది. అన్నిటికంటె ముందు చిగురిస్తుంది, అన్నిటికంటె చివర పండుతుంది. అందాకా చలికీ వడగళ్ళకూ తట్టుకుని నిలవాలి. అందుకని దక్షిణపు ఎండ బాగా తగిలే వాలు, చలికాలంలో హిమం ముందుగా కరిగే చోటు చూసి మరీ పెడతారు. సీసా మీద బారోలో అన్న పేరు వేయాలంటే 11 గ్రామాల పరిధిలో పండిన నెబ్బియోలో ఒక్కటే ఉండాలి, ఇంకొక ద్రాక్ష కలవరాదు. 38 నెలలు నిలవ ఉంచాలి, అందులో 18 నెలలు కొయ్యపీపాలో ఉండాలి. ఇది చట్టం.

తోటవాళ్ళ అనుమతితో రెండు పళ్ళు కోసి నోట వేసుకున్నాను. ముందు తీపి. తోలూ గింజా నమిలేసరికి పచ్చివక్క కొరికినట్టు నాలుక పిడచకట్టుకుపోయింది.

"ఆ వగరు తగ్గటానికే మామయ్యా అన్నేళ్ళు పీపాలో పెట్టేది" అన్నాడు మావాడు నవ్వుతూ.

భాష చెప్పుకుని బతికేవాణ్ణి గనుక నా ధ్యాసంతా పేర్ల మీదనే ఉన్నది. తెలుగును తూర్పుదేశపు ఇటాలియన్ అంటారు గదా! నెబ్బియోలో, బార్బెరా, డోల్చెట్టో, ఫ్రెయిజా - అన్నీ మన మాటల్లాగే అచ్చుతో ముగుస్తుంటే మహదానందపడిపోయాను. అంతలో 'అర్నెయిస్' వచ్చి అడ్డం పడింది. విచారిస్తే అది ఇటాలియనే కాదు, ఆ పియెమాంటే సీమవారి సొంత భాష. చెప్పినమాట వినని పోకిరి అని దానికి అర్థమట. టనారో నదికి ఆవలి గట్టున, రొయెరో గుట్టల్లో పండే తెల్లద్రాక్ష అది. ఒకప్పుడు దాన్ని నెబ్బియోలో వరసల మధ్య అక్కడక్కడ నాటేవారు. ఎందుకయ్యా అంటే, పిట్టలు ఆ తీపికి మరిగి ఖరీదైన పళ్ళ జోలికి పోకుండా! 1960ల నాటికి అది ఇంచుమించు అంతరించే దశకు వచ్చింది. 1967లో వియెత్తి తోటల అల్ఫ్రెదో కుర్రాదో అనే ఆయన దాన్ని పట్టుబట్టి విడిగా రసం తీసి సీసాకెక్కించాడు. పిట్టల వాటాగా బతికిన ద్రాక్షకు ఇవాళ తన పేరుతోనే తోటలున్నాయి.

ఇంతకంటె చిత్రమైనది 'రుకే' కథ. మర్నాడు మోన్ఫెర్రాటో గుట్టల్లో కస్తాన్యోలె అనే చిన్న ఊరికి వెళ్ళినప్పుడు విన్నాము. 1964లో జాకొమో కౌదా అనే ఫాదరీ ఆ ఊరి చర్చికి వచ్చాడు. మన గుడిమాన్యం వంటిదే, చర్చితోపాటు ఒక ద్రాక్షతోట కూడా ఆయన చేతికి వచ్చింది. అందులో ఈ రుకే తీగలు కొన్ని ఉన్నాయి. ఊళ్ళోవాళ్ళు పండగకో పబ్బానికో వాడుకునే రకం తప్ప బయట దాని పేరెరిగినవాడు లేడు. ఆయన ప్రార్థనలు ముగించుకుని, పలుగూ పారా పుచ్చుకుని తోటలో దిగి, దాన్ని వేరుగా పండించి అమ్మకానికి పెట్టాడు. 2010 నాటికి ప్రభుత్వం ఆ రసానికి బారోలోకు ఇచ్చే పైతరగతి ముద్రే ఇచ్చింది. ఫాదరీ 2008లోనే పోయాడు.

ఇటలీ ప్రభుత్వపు పట్టికలో రసం తీసే ద్రాక్షలు 500కు పైగా ఉన్నాయి. పట్టికకు ఎక్కకుండా పోయినవాటికి లెక్క లేదు. పంతొమ్మిదో శతాబ్దం ఉత్తరార్ధంలో అమెరికా నుంచి వచ్చిన ఒక పేనువంటి పురుగు యూరప్ తోటల వేళ్ళన్నీ తినేసింది. చివరకు ఆ పురుగును ఓర్చుకునే అమెరికా వేళ్ళమీదే, మన మామిడికి కట్టినట్టు, అంటు కట్టుకోవలసివచ్చింది. అప్పుడు అంటుకు నోచుకోని రకాలు అక్కడితో సరి. తర్వాత 1950, 60లలో పల్లెల కుర్రవాళ్ళు టొరీనో కారు ఫ్యాక్టరీలకు తరలిపోయారు. మరికొన్ని తోటలు ముళ్ళకంపలయ్యాయి.

మేము బస చేసింది లాంగెలోనే ఒక రైతు ఇంట. పెద్దాయనకు ఎనభై దాటాయి. నేను గ్లాసు వద్దనగానే ఆయన ముఖం చిన్నబోయింది. మా అమ్మ సంగతి మావాడు విడమరిచి చెప్పాక, పెద్దగా నవ్వి, చెయ్యి పట్టుకుని పెరటి వాలుకు తీసుకువెళ్ళాడు. అక్కడ ఆరు వరసలు, కాయ లేకుండా బోసిగా ఉన్నాయి. డోల్చెట్టో. సెప్టెంబరులోనే కోసేశారు. ఆలస్యం చేస్తే పండిన గింజ గుత్తి నుంచి తనంత తానే రాలిపోతుందట. పేరుకు 'చిన్న తియ్యనిది' అని అర్థమైనా రసం తియ్యగా ఉండదట. 1948లో ఇటలీ అధ్యక్షుడైన లుయీజి ఐనౌదికి దొల్యానీలో ఉన్న తోట కూడా ఈ ద్రాక్షదే.

"బారోలో అమ్ముకోవటానికి, ఇది మేము తాగటానికి" అన్నాడు పెద్దాయన.

వచ్చే చలికాలం ఆ ఆరు వరసలూ పీకి నెబ్బియోలో పెడతానంటున్నాడు కొడుకు. తప్పు పట్టటానికి లేదు. బారోలో సీమలో మంచి వాలు హెక్టారు పదిలక్షల యూరోలు దాటిపోయింది. అటువంటి నేలలో చవకద్రాక్ష ఉంచుకోవటం మాణిక్యాల పెట్టెలో మరమరాలు దాచుకోవటమే. చుట్టుపక్కల చాలామంది అదే పని చేశారు. తండ్రీకొడుకులు ఆ సంగతి మా ఎదుట మాట్లాడుకోలేదు. భోజనాల దగ్గర ఒకరి ముఖం ఒకరు చూసుకోనూ లేదు.

నాకు మా తాత జ్ఞాపకం వచ్చాడు. ఊరంతా కొత్త వంగడాలు వేస్తున్నా ఆయన ఇంటి తిండికని ఒక కయ్యలో మొలగొలుకులు వేయించేవాడు. ఆయన పోయాక మా నాన్న రెండేళ్ళు వేసి మానుకున్నాడు. పైరు ఎత్తుగా ఎదిగి గాలికి పడిపోయేది, పంట చాలక కూలికి కూడా గిట్టేది కాదు. విత్తనం ఒక బుట్టలో అటకమీద ఉండిపోయి పురుగుపట్టింది. పారబోసినవాణ్ణి నేనే. అప్పుడు ఇంటరు చదువుతున్నాను. పారబోసి క్రికెట్టుకు వెళ్ళిపోయాను.

ఈ కథ మావాడిచేత చెప్పించాను. పెద్దాయన శ్రద్ధగా విని, ఆ విత్తనం ఇంకెక్కడైనా ఉన్నదా అని అడిగాడు. ఎక్కడైనా ఉండవచ్చు, మా యింట్లో లేదు అన్నాను. తర్జుమా అయేదాకా ఆగకుండానే తల ఊపి లోపలికి వెళ్ళాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆయన వెంట ముసలామె ఒక గాజుసీసాతో వచ్చింది. దాన్ని 'కున్యా' అంటారు. పులియకముందే ద్రాక్షల పచ్చిరసాన్ని పొయ్యిమీద గంటల తరబడి మరిగించి, బేరిపళ్ళు, హేజెల్ గింజలు వేసి, చెరుకురసం బెల్లానికి వచ్చినట్టు చిక్కబడేదాకా కాస్తారు. ఇది పెరటి డోల్చెట్టోతో కాచినదేనట. మీ అమ్మగారు దీన్ని కాదనరు అన్నదట ఆమె.

బట్టల మధ్య చుట్టి జాగ్రత్తగా తెచ్చాను. మా అమ్మ మూత తీసి, ముందు వాసన చూసింది.

"సారా కాదు గదరా?"

కాదని ఒట్టు వేసి దోసె మీద రాసి ఇచ్చాను. తిన్నది. మరొక దోసె వేయించుకున్నది. మొన్న మావాడు ఫోను చేసినప్పుడు, ఆ పెద్దాయన వరసలు ఉన్నాయో పీకేశారో కనుక్కోమని తనే అడిగింది. సీసాలో ఇంకా సగం ఉన్నది.