ఒంటి చెంపసరం

మన ఇళ్ళల్లో నగ అంటే మొదట తూకం, తరువాత వన్నె, తీరికుంటే అప్పుడు పనితనం. పెళ్ళిలో కొత్తకోడలి మెడ చూసిన ఆడవాళ్ళు "ఎంత సొగసుగా వుందో!" అనరు. "ఎన్ని తులాలేమిటి?" అంటారు. నేనూ అంటాను. ఇందులో సిగ్గుపడవలసిందేమీ లేదు సుమండీ. అవసరం వచ్చిననాడు బాంకి గుమ్మం ఎక్కేవి ఆ తులాలే కాని, వాటిమీద చెక్కిన హంసలు కావు కదా!

పంజగుట్ట రోడ్డు అంత వెలుగుతున్నదీ ఆ తులాల పుణ్యమే. ఎటు చూసినా అద్దాల నగల మేడలు. గుమ్మంలో సలాము, లోపల చల్లని గాలి, కూర్చోగానే చల్లని పానీయం. మోసం భయం కూడా తగ్గింది. హైదరాబాదు వంటి ఊళ్ళలో 2021 నుంచి హాల్‌మార్కు తప్పనిసరి చేశారు. 2023 ఏప్రిల్ నుంచి దుకాణంలో అమ్మే నగమీద ఆరు అక్షరాల గుర్తు కూడా వుండాలి. 916 అని వుంటే వెయ్యి పాళ్ళలో 916 మేలిమి, అంటే 22 కారట్లు. మా అమ్మమ్మ కాలంలో ఇవన్నీ చెప్పేది కంసాలి చేతిలోని గీటురాయి ఒక్కటే.

ఆ అమ్మమ్మ చెంపసరం తోనే నాకు చిక్కు వచ్చింది. బరువైన జూకాల భారం చెవి తమ్మె మీద పడకుండా, జుట్టులోకి కొక్కెంతో తగిలించే ముత్యాల సరం అది. జతలో ఒక్కటే వుంది నా దగ్గర. 1984లో అమ్మమ్మ పోయాక పంపకాల్లో పెద్దలు న్యాయంగా పంచుదామని, అమ్మకొకటీ పిన్నికొకటీ ఇచ్చారు. ఎంత న్యాయమంటే, అది ఇద్దరికీ పనికిరాలేదు! "అది అడిగితే నాది ఇస్తాను" అని అమ్మ, "అక్కయ్య అడిగితే నేనిస్తాను" అని పిన్ని. ఎవరూ అడగలేదు. అక్కచెల్లెళ్ళ మధ్య చివరికి మిగిలినవి శుభలేఖలే. అమ్మ వెళ్ళిపోయింది. ఒంటి చెంపసరం నా బీరువాలోకి వచ్చింది.

మాఘంలో మా అమ్మాయి పెళ్ళి. "అమ్మమ్మది పెట్టుకుంటానే" అని అది కూర్చుంది. "మార్చేసి గొలుసు తీసుకో, గొడవ వదులుతుంది" అన్నారు మావారు. సరేనని ఒక మేడ ఎక్కాను. అక్కడి కుర్రవాడు మర్యాదస్తుడే. "ముత్యాలు తీసేస్తాం మేడం, బంగారం మటుకు లెక్కకడతాం" అన్నాడు. ఆ మాటకి నేను చెంపసరం రుమాల్లో చుట్టుకుని లేచాను.

మా అమ్మాయి స్నేహితురాలు చెప్పింది, అమీర్‌పేటలో ఒక వింత దుకాణం వుందని. పంజగుట్ట నుంచి మెట్రోలో ఒక్క స్టేషనే. సందులో అంతా కంప్యూటరు చదువుల బోర్డులు. అటువంటి ఒక తరగతి నెత్తిన, మెట్లకు పైన ఒకే గది. అద్దాల బల్ల లేదు. రంగురాళ్ళూ పూసలూ పోపులపెట్టెల్లో పోసి వున్నాయి. పగిలిన గాజుముక్కలతో హారాలు, గడియారపు పళ్ళచక్రాలతో దుద్దులు! 2011లో చెల్లకుండా పోయిన ఖడ్గమృగం పావలాలు వెండి చట్రాల్లో బిగించి చెవులకు వేలాడదీశారు. చెల్లని కాసు చెవికెక్కడం అక్కడే చూశాను. చీటీల మీద తూకం వెయ్యలేదు. చేసినవారి పేరూ, పట్టిన రోజులూ రాసి వున్నాయి. ఇదేమి బేరమో నాకు అర్థం కాలేదు. మూడు రోజుల జుంకీలకు ధర ఎక్కువో తక్కువో ఎల్లా చెప్పేది?

యజమానురాలికి ముప్ఫై ఏళ్ళుంటాయి. కంప్యూటరు నేర్చుకోవడానికి వచ్చి, కిందిగదిలో చదువు మాని పైగదిలో నగలు మొదలుపెట్టిందట. "రండి ఆంటీ" అన్నది. (ఆ ఒక్క పిలుపుకి మాట పడిపోతుంది నాకు.) మూల పీటమీద ఒక ముసలి కంసాలి.

ఆమె ఒక ముత్యాన్ని పంటిమీద మెల్లగా రాసింది. గరగరలాడింది. "ముత్యమే, ప్లాస్టిక్కు కాదు. బెజ్జం చూడండి, ఎంత సన్నమో. ముత్యం తూకం తగ్గకుండా పూర్వం ఇల్లాగే తొలిచేవారు" అన్నది. మా అమ్మమ్మ చెప్పిన మాట జ్ఞాపకం వచ్చింది. 1963 జనవరిలో 14 కారట్లకు మించి నగ చెయ్యకూడదని బంగారం నియంత్రణ వచ్చినప్పుడు, ఇది చేసిన కంసాలి కుంపటి ఆర్పి పొలం పనికి పోయాడట. ఆ నియంత్రణ చట్టం 1990లో పోయింది కాని, ఆ కుంపటి మళ్ళీ వెలగలేదు.

"దీనికి జత చేసిపెట్టండి" అన్నాను.

"చెయ్యను ఆంటీ" అన్నదా పిల్ల!

ముసలాయన అందుకున్నాడు: "మామిడిపిందె ఇటు వంగింది చూడమ్మా. ఇది కుడి చెవిది. ఎడమది ఎక్కడో వుంటుంది. కరిగించేశారని తెలిస్తే అప్పుడు చేస్తాం."

అమ్మే వస్తువును అమ్మనన్న దుకాణం అదొక్కటే చూశాను. మెట్లు దిగుతూ కోపం వచ్చింది కూడా. రెండు రోజులు తటపటాయించి కూకట్‌పల్లిలో వున్న పిన్నికి ఫోను చేశాను.

చాలాసేపు మాట లేదు. ఆఖరికి, "మీ అమ్మ దాంట్లో నడిమి కెంపు వుందా?" అన్నది.

"లేదు పిన్నీ. ఆ గుంట ఎప్పుడూ ఖాళీయే."

"పంపకాలనాడు ఊడి చాపమీద పడింది. తీసి దాచాను. అడిగితే ఇద్దామనుకున్నాను. అడిగిందా మహాతల్లి!"

గురువారంనాడు డెబ్భై ఎనిమిదేళ్ళ పిన్ని మెట్రో దిగి, నా భుజం పట్టుకుని ఆ మెట్లన్నీ ఎక్కింది. కొంగుముడి విప్పి చెంపసరమూ, కాగితపు పొట్లంలోని కెంపూ బల్లమీద పెట్టింది. ముసలాయన కళ్ళజోడు సవరించుకుని రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"ఒక్క చేతి పనేనమ్మా" అన్నాడు.

"ఆ సంగతి నాకు తెలుసు నాయనా. పొదగడానికి మజూరీ ఎంతో అది చెప్పు" అన్నది పిన్ని.