చివరి పేజీ చదివే పని

తిరుపతిలో రాజనీతిశాస్త్రం చెప్పి బతకడమంటే వేడి మీదున్న ఊళ్లో చల్లటి మాట మాట్లాడటం. ఎన్టీఆర్‌ను 1983లో గెలిపించిన ఊరిది. 2008 ఆగస్టు 26న చిరంజీవి పార్టీ పెట్టింది ఈ ఊరి పక్క అవిలాలలోనే. పుంగనూరు, సత్యవేడు, శ్రీకాళహస్తి నుంచి వచ్చే పిల్లలకు రాజకీయం నేను నేర్పేదేమీ లేదు. ఏ మండలంలో ఎవరి మాట చెల్లుతుందో నాకంటే వాళ్లకే బాగా తెలుసు. వాళ్లకు తెలియనిదల్లా కాగితం చదవడం. ఆ మాటకొస్తే మా తోటి అధ్యాపకుల్లోనూ చాలామందికి ఆ ఓపిక పోయింది.

తిరుమల లడ్డూ గొడవ అప్పుడు ఇది బాగా బయటపడింది. శ్రీవారి నెయ్యిలో జంతువుల కొవ్వు కలిసిందని 2024 సెప్టెంబరు 18న ముఖ్యమంత్రి అన్నారు. మర్నాటికి గుజరాత్‌లోని జాతీయ పాడి అభివృద్ధి మండలి (ఎన్‌డీడీబీ) ల్యాబు నివేదిక అందరి ఫోన్లలోకీ వచ్చేసింది. తిరిగిందల్లా అంకెలున్న పేజీ. పాలకొవ్వు నిఖార్సైనదైతే వంద దగ్గర ఉండాల్సిన విలువలు ఎక్కడెక్కడో ఉన్నాయి. పక్కనే సోయా, పామాయిల్, చేప నూనె, గొడ్డు కొవ్వు, పంది కొవ్వు పేర్లు. క్లాసులో సగం మంది కళ్లెర్రజేస్తే, మిగతా సగం ఇదంతా కుట్ర అని తేల్చేశారు. రెండు వర్గాలకూ ఆధారం ఆ ఒక్క పేజీయే.

నివేదిక మొత్తం ప్రింటు తీసి తలా ఒకటి ఇచ్చాను. ఈ పరీక్ష ఏయే సందర్భాల్లో తప్పుదారి పట్టించవచ్చో అందులోనే రాసుంది. నూనె పాళ్లు బాగా ఎక్కువున్న దాణా పెట్టినా, ఆవు అరకొర మేతతో ఉన్నా కల్తీ లేని పాలకొవ్వు కూడా కల్తీలా కనిపించవచ్చట. పలమనేరు వైపు నుంచి వచ్చే ఒకమ్మాయి లేచింది. వాళ్లమ్మ రోజూ పాల కేంద్రంలో పాలు పోస్తుంది. "సార్, మేత మారితే మా ఆవు ఫ్యాట్ మారిపోతుంది. చెనిక్కాయ చెక్క పెట్టిన వారం ఒక లెక్క, వట్టి గడ్డేసిన వారం ఒక లెక్క. కేంద్రంలో మిషనే చెప్తాది కదా" అనింది. రెండు వర్గాలకూ కోపమొచ్చింది. "అయితే కల్తీ జరగలేదంటావా?" అన్నాడొకడు. "నేనామాట అన్లేదునా. ఈ కాగితంతోనే తేలిపోయిందనొద్దంటాండా" అనింది. ఏళ్ల తరబడి నేను చెప్పాలని చూస్తున్న పాఠం ఆ పిల్ల రెండు ముక్కల్లో చెప్పేసింది.

సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు కూడా దగ్గరదగ్గర అదే దారిలో వెళ్లింది. దర్యాప్తు తేలకముందే విషయాన్ని పత్రికల దాకా ఎందుకు తీసుకెళ్లారని అడిగింది. అక్టోబరు 4న ఐదుగురితో స్వతంత్ర దర్యాప్తు బృందాన్ని వేసింది: సీబీఐ నుంచి ఇద్దరు, రాష్ట్ర పోలీసుల్లో ఇద్దరు, ఆహార భద్రత సంస్థ నుంచి ఒకరు. 2025 ఫిబ్రవరిలో నలుగురు అరెస్టయ్యారు. అనుమానం ఉంచుకోమన్నంత మాత్రాన తప్పు చేసినవాణ్ణి వదిలేయమని కాదు. ఈ ముక్క మా వాట్సాప్ గ్రూపుల్లో చెప్పి చూశాను. "సార్ ఏ పార్టీ?" అన్నదొక్కటే జవాబు. ఇంకొకాయన నా ఇంటిపేరు ఆరా తీశాడు. కులం తెలిస్తే వాదన చదవనక్కర్లేదని ఆయన లెక్క. వీధిలో ఎదురుపడితే అదే మనిషి "బాగుండారా సార్" అని పలకరిస్తాడు, టీ తాగి పొమ్మంటాడు. ఫోను పట్టుకుంటే మాత్రం ఆయన ఆయనగా కాక ఓ వర్గం తరఫు వకీలుగా మాట్లాడతాడు.

మా పాత ఉమ్మడి జిల్లాలో ఇందుకు పూర్తిగా ఎదురు నడిచిన పండితుడొకాయన ఉండేవాడు. చిత్తూరు పక్క కట్టమంచిలో పుట్టిన రామలింగారెడ్డి. జస్టిస్ పార్టీలో పేరు తెచ్చుకుని, అందులోంచి బయటికొచ్చి, 1923లో మద్రాసు శాసనసభలో అదే పార్టీకి చెందిన పానగల్ రాజా మంత్రివర్గం మీద అవిశ్వాసం పెట్టాడు. 44 ఓట్లే వచ్చాయి, అవతల 65. ఓడిపోయాడు. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి అయ్యాడు. 1930లో సర్కారు అణచివేతకు నిరసనగా ఆ కుర్చీకీ రాజీనామా ఇచ్చాడు. అధ్యాపకుడు రాజకీయం మాట్లాడకూడదనే వాళ్లకు నేను ఈయన పేరే చెప్తాను. మాట్లాడాలి, కాకపోతే సొంత గుంపు తప్పునూ పట్టగలగాలి. ఇప్పుడు మనవాళ్లు సొంత గుంపు తప్పు కనిపిస్తే గ్రూపులోంచి మెసేజి డిలీట్ చేస్తున్నారు.

చట్టాల సంగతీ అంతే. ఆన్‌లైన్‌లో అభ్యంతరకర పోస్టులకు జైలు శిక్ష వేసే ఐటీ చట్టం 66ఎ సెక్షన్ ఇంకా ఉందనుకునే పిల్లలు ఏటా తగులుతారు. సుప్రీంకోర్టు 2015 మార్చి 24నే దాన్ని కొట్టేసింది. పిల్లల్నేమనగలం, కొట్టేసిన ఆ సెక్షన్ కింద పోలీసులు కేసులు కడుతూనే ఉన్నారని 2021లో కోర్టే విస్తుపోయింది.

చదవకుండా ముందుకు తోసేసే అలవాటు ప్రాణాల మీదికీ తెస్తుంది. మన దేశంలో వాట్సాప్ ఒక్కసారికి ఐదు చాట్‌లకే ఫార్వర్డ్ చేసేలా కట్టడి పెట్టింది 2018లో. పుకార్లు నమ్మి మనుషుల్ని కొట్టి చంపిన ఏడాది అది. ఆ చావుల్లో ఒకటి మన పొరుగు తమిళనాడులోని తిరువణ్ణామలై జిల్లాలోనే జరిగింది. చెన్నై నుంచి గుడికని బయల్దేరి పిల్లలకు చాక్లెట్లిచ్చిన ఓ పెద్దావిడను పిల్లల్నెత్తుకుపోయే మనిషనుకున్నారు.

అందుకే నా పరిచయస్తులందరికీ ఒక మనవి. నివేదికలూ తీర్పులూ జీవోలూ నాకు నిక్షేపంగా పంపండి, చదువుతాను. పంపేటప్పుడు మాత్రం అన్ని పేజీలూ పంపండి.