తొందరలో బిగించిన బ్యాటరీ

ఉదయగిరిలో మా ఇంటి ముందు ఒక పాత కారు ఉన్నది. బడిపంతులుగా పదవీ విరమణ చేసిన తరువాత, మా అమ్మను ఆత్మకూరు ఆసుపత్రికి తీసుకొని వెళ్లడానికే దానిని కొన్నాను. అక్కడ ఆమె కంటికి ఆపరేషన్ జరిగింది.

నాలుగు వేసవుల క్రితం, ఆపరేషన్ అయిన తరువాత పరీక్షకు వెళ్లవలసిన ముందురోజు సాయంత్రం, తాళం తిప్పితే కారు టక్‌టక్‌మన్నదే గాని ఇంజను లేవలేదు. మన మెట్ట ప్రాంతపు ఎండకు బ్యాటరీ త్వరగా పాడవుతుంది గనుక ఆశ్చర్యపోలేదు. కొత్తది తెప్పించాను. మెకానిక్కును పిలవమని నా భార్య చెప్పింది. "రెండు నట్లు విప్పడానికి మెకానిక్కు ఎందుకు?" అన్నాను.

కొత్త బ్యాటరీకి ప్లస్ ఉండవలసిన వైపున మైనస్ ఉన్నది. ఒకే సైజు బ్యాటరీ ఇలా రెండు విధాలుగా దొరుకుతుందని నాకు తెలియదు. గుర్తులు చూడకుండా, పాత చోటును బట్టి వైర్లు తగిలించాను. ఒక క్లాంపు ఎంతకూ దిగలేదు. ఆ బ్యాటరీలో ప్లస్ టెర్మినల్ లావు, మైనస్ టెర్మినల్ సన్నం. పొరపాటు జరగకూడదనే ఆ తేడా పెట్టారు. ఆ క్లాంపు "ఇది నా చోటు కాదు" అని చెబుతూనే ఉన్నది. నేను స్క్రూడ్రైవరుతో దాన్ని వెడల్పు చేసి, సుత్తితో కొట్టి దించాను. పెద్ద మెరుపు, ఆ వెంటనే కాలిన వాసన!

మరునాడు అమ్మ నల్లకళ్లద్దాలు పెట్టుకొని, కొంగు కంటికి అడ్డం పట్టుకొని, ఆ ఎండలో కిక్కిరిసిన బస్సులో ఆత్మకూరు వెళ్లింది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే నన్ను ఎక్కువగా గుచ్చింది.

ఆత్మకూరు నుండి వచ్చిన మెకానిక్కు చూసి, "పెద్ద ఫ్యూజు కాలిపోయింది గనుక ఇంజను కంప్యూటరు బతికింది సార్. ఆల్టర్నేటరులో డయోడ్లు మాత్రం పోయినాయి" అన్నాడు. నా కంటె చాలా చిన్నవాడు. అయినా ఆ రోజు అతడు పంతులు, నేను పిల్లవాడిని.

అతడు చెప్పినది ఇది. మొదట ఇంజను ఆపి, లైట్లు, రేడియో ఆపి, తాళం తీసి కొన్ని నిమిషాలు ఆగాలి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు ఎన్నడూ తీయరాదు. ఒక్కసారిగా వోల్టేజి పెరిగి ఎలక్ట్రానిక్ భాగాలు కాలిపోతాయి. విప్పేటప్పుడు ముందు మైనస్, తరువాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివర మైనస్. ఎందుకంటే కారు బాడీ అంతా మైనస్‌కు కలిసి ఉంటుంది. మైనస్ తీయక ముందు ప్లస్ విప్పబోతే, స్పానరు బాడీకి తగిలిందంటే షార్టే. 12 వోల్టులే అయినా వందల ఆంపియర్లు పారి ఇనుము ఎర్రబడుతుంది. చేతి ఉంగరం కూడా తీసివేయాలి. బ్యాటరీ నుండి మండే వాయువు వస్తుంది గనుక దగ్గర బీడీ, అగ్గిపుల్ల వెలిగించరాదు. కొన్ని కొత్త కార్లలో బ్యాటరీ మార్చిన సంగతి కంప్యూటరుకు కూడా తెలపాలి. వాటిని ఇంట్లో ముట్టుకోకపోవడమే మేలు.

ఈ వేసవిలో ఆ బ్యాటరీ కూడా చచ్చిపోయింది. ఈసారి కొత్తదానిని పాతదాని పక్కన పెట్టి, సైజు, ప్లస్, మైనస్ సరిచూసుకున్న తరువాతనే నా కుమారుడు స్పానరు పట్టుకున్నాడు. ప్లస్ వైరుకు ఎర్ర గుడ్డ కట్టాము. అమ్మ కుర్చీలో కూర్చొని టార్చిలైటు పట్టుకున్నది. క్లాంపులు రెండూ చేతితోనే దిగాయి. గడియారం, రేడియో తిరిగి సరిచేసుకోవలసి వచ్చింది, అంతే. సీసము, యాసిడ్ ఉన్న పాత బ్యాటరీని చెత్తలో వేయకుండా దుకాణంలో ఇచ్చివేశాము.

ఇంజను లేవగానే అమ్మ నవ్వి, "ఈసారి సుత్తి తీయలేదే నాయనా!" అన్నది. నాలుగేండ్ల తరువాత ఆమె అన్న మొదటి మాట అదే.

ప్రియులారా, సరిగా దిగని చోట బలము చూపకండి. ఒక్క నిమిషము ఆగి, గుర్తు చూడండి. తెలిసినవారు చిన్నవారైనా సరే, అడగండి. మన తొందరకు వెల చెల్లించేది చాలాసార్లు మనము కాదు, మన ఇంటిలోని బలహీనులే.