జీర్ణయంత్రోద్ధరణము

శిథిలమైన గుడికి జీర్ణోద్ధరణము చేయింతుమని చందాలు పోగుచేసిన ధర్మకర్తలు పెక్కుచోట్ల మొట్టమొదట చేయించు పని, వందలయేండ్లనాటి శిల్పములమీద దళసరిగా సున్నము కొట్టించుట. పాత యంత్రములను కొని మరల నమ్ము వర్తకుల యుద్ధరణపద్ధతియు నిట్టిదే. ముప్పది నలువది యేండ్లు నూనెమడ్డిలో పనిచేసి, యజమాని చేతులెత్తివేసిన పిమ్మట షెడ్డులో నొకమూల తుప్పుపట్టుచున్న మిల్లింగు యంత్రము, వర్తకుని చేతబడిన కొలదినాళ్లకే అడుగునుండి శిరస్సువరకు ఆకుపచ్చరంగు పూసికొని అంగడి ముందర నిలుచుండును. ‘కండిషన్ మంచిగున్నది సార్, కొత్త మిషన్ లెక్కనే నడుస్తది’ అని బాలానగరములో నొక వర్తకుడు నాతో ననినప్పుడు, ఆ రంగు మాటున నేమున్నదో చూడవలెనని గోటితో గీకబోగా, ‘రంగు పోతది సార్’ అని యాతడు నొచ్చుకొనెను. రంగు పోవుటయే నాకు గావలసినదని యాతనితో ననలేదు. అనియుండినచో బేరము చెడెడిది.

మిల్లింగు యంత్ర మననేమో యెరుగని పాఠకులకు రెండు మాటలు. లేతులో జాబు, అనగా చెక్కవలసిన లోహపుముక్క, తిరుగును, టూలు నిలిచియుండును. మిల్లింగులో పండ్లుగల కట్టరు తిరుగును, జాబు బల్లకు బిగింపబడి దాని క్రిందుగా మెల్లగా నడచును. నిలువుగానున్న ఇనుపకంబమునకు ముందువైపున పైకిని క్రిందికిని జారు మోకాలు, దానిపై ముందువెనుకలకు జారు శాడిలు, దానిపై కుడియెడమలకు జారు బల్ల, ఈ మూడు జారుడుల కూడికయే యంత్రమంతయు. ఈ యమరికకు స్థిరమైన రూపము 1862లో అమెరికాలోని ప్రావిడెన్సు నగరమున బ్రౌన్ అండ్ షార్పు సంస్థకు చెందిన జోసెఫ్ బ్రౌన్ నిర్మించిన యంత్రముతో నేర్పడినది. అంతర్యుద్ధకాలమున నచ్చటి తుపాకుల కర్మాగారములో ట్విస్టు డ్రిల్లుల మెలికగాళ్లను పనివారు ఆకురాయితో చేతులు నొవ్వ రాచుచుండగా, ఆ చాకిరి తప్పించుటకు పుట్టిన సాధన మిది.

నేను కొన్నది హెచ్.ఎం.టి. వారి చిన్న హారిజాంటలు యంత్రము. 1953లో బెంగుళూరున స్థాపితమైన యీ సంస్థ మొదట స్విట్జర్లాండువారి సాయముతో లేతులను, పిమ్మట జర్మనీవారి సాయముతో మిల్లింగు యంత్రములను చేయ నేర్చినది. హైదరాబాదువాసికి నీ విద్య పరాయిది గాదు. 1943లో పుట్టిన ప్రాగా టూల్సు, హెచ్.ఎం.టి. వారి హైదరాబాదు శాఖ, 1968లో బాలానగరమున వెలసిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్, వీనిచుట్టు నొక తరమువారు ఫిట్టర్లుగను టర్నర్లుగను పెరిగి, పిల్లలను చదివించుకొని, వృద్ధులైరి. కంప్యూటరు చెప్పినట్లు తనంతట తాను కదలు యంత్రములు వచ్చిన పిదప చేతిచక్రపు యంత్రములు మూలబడినవి, మౌలాలిలోని హెచ్.ఎం.టి. బేరింగుల కర్మాగారమునే 2016లో మూసివేయ నిశ్చయించిరి. కొనువాడు లేని వస్తువు తూకపుధరకు దిగును గనుకనే నావంటి గృహస్థునికి నిది దక్కినది. ఒకరి వ్యసనమునకు మరియొకరి నష్టము కారణమగుట నాకు సంతోషకరము గాదు; అయినను కొనకపోయినచో నిది కరగుపట్టునకు పోయెడిది.

టన్నుకు పైబడిన యీ భారమును లారీనుండి దింపి యింటివెనుక షెడ్డులోనికి చేర్చుట యొక పర్వము. దానిని వర్ణింపబూనినచో వ్యాస మక్కడనే ముగియును. ఒక్కటి మాత్రము చెప్పెదను. ఇట్టి యంత్రమునకు బరువు పైభాగమున నెక్కువగుటచే, కదల్పకమునుపు మోకాలును చివరికంట క్రిందికి దింపి, బల్లను నడిమికి దెచ్చి, పైనున్న ఓవరార్మును వెనుకకు జరిపి బిగింపవలెను. హమాలీలు నాకంటె ముందే దీని నెరుగుదురు. ఇనుపగొట్టములపై దొర్లించుచు, గునపములతో నెత్తుచు, గడప పెచ్చూడకుండ వారు దానిని లోనికి చేర్చిన నేర్పును ఏ ఇంజనీరింగు కళాశాలలోను బోధింపగా నేను వినలేదు.

విప్పుటకుముందు కొలువవలెను. పాత యంత్రము చేతికి చిక్కగనే మనుష్యునికి గలుగు మొదటి కోరిక స్పానరు పట్టుట, రెండవ కోరిక రంగుడబ్బా తెచ్చుట, రెండును అణచుకొనదగినవే. ప్రభుత్వరంగపు కర్మాగారమున జీవితమంతయు ఫిట్టరుగా గడిపి రిటైరైన మేస్త్రీగారొకరు నాకు తోడుండిరి. డయలు గేజిని శాడిలుపై నిలిపి, దాని కొనను బల్లయంచునకు తాకించి, బల్లను చేతితో ముందునకును వెనుకకును నెట్టిచూచితిమి. బల్ల నడుమనున్నప్పుడు ముల్లు పది పన్నెండు గీతలు కదలినది. గీత యొక్కటికి మిల్లీమీటరులో నూరవవంతు. బల్లను చివరికంట జరిపి చూడగా ముల్లు కదలనే లేదు. చేతిచక్రమును పట్టి చూచినను నదియే తీరు: నడిమియందు బల్ల కదలకుండ చక్రము కొంతదూరము వట్టిగా తిరుగును, కొసలయందు త్రిప్పిన తక్షణమే బల్ల కదలును. మేస్త్రీగారు వ్రేలిగోటిని జారుడుతలముపై నొక కొసనుండి రెండవ కొసకు మెల్లగా నడిపించి, ‘నడుమ అరిగింది సారూ, కొసలు అరగలే. ఇప్పుడు గిబ్బు బిగిస్తే కొసకు పోయినంక పట్టేస్తది’ అని తీర్పు చెప్పిరి. గిబ్బనగా జారుడుతలముల నడుమ వదులును సరిచేయు బద్ద.

దీని కారణము స్పష్టము. పనివాడు వైసును ఎల్లప్పుడు బల్లనడుమనే బిగించును, జాబులు చిన్నవి, కావున నన్ని యేండ్లును బల్ల నడిమి జానెడు దూరములోనే అటునిటు తిరుగుచు అచ్చటనే యరిగినది, కొసలు మాత్రము ఫ్యాక్టరీనుండి వచ్చినట్లే మిగిలినవి. బల్లపై కుడిప్రక్క సుత్తిదెబ్బల గుంటలు గుంపుగానున్నవి, ఎడమప్రక్క లేవు. సుత్తిని కుడిచేతికందునట్లు పెట్టుకొన్నవా డొక్కడే చిరకాలము దీనిని నడిపెనని యూహించితిమి. శాడిలు వెనుకనున్న నూనెరంధ్రమొకటి ఇనుపరజనుతో పూడిపోయినది; ఆ రంధ్రమున కెదురుగానున్న తలమే మిక్కిలి గాట్లుపడినది. పేరెరుగని యా పనివాడు వంగి చూడవలసినచోట నూనె పోయలేదు, కంటికెదురుగానున్నచోట పోసినాడు. అతనిని నిందింపజాలను. వెనుకనుండు రంధ్రమును గీసిన డ్రాయింగుపనివానికే నే నపరాధమును చెప్పుదును.

అరిగినచోట లోహమును మరల చేర్చుట యింటిలో సాగు పని గాదు గనుక, మిగిలిన మార్గము అరుగనిచోటులనే అరిగినదాని మట్టమునకు దింపుట. కొసలయందలి మంచి లోహమును చేజేతుల తీసివేయుట కేరికైనను మనసొప్పదు. అయినను ఉద్ధరణమన నిదియే. దీనికి సాధనములు మూడు: సరియైన సమతలముగల సర్ఫేసు ప్లేటు, నూనెతో కలిపిన నీలిరంగు, చేతి స్క్రేపరు. ప్లేటునకు నీలిని పలుచగా పూసి, దానిపై తలమును ఆనించి రెండు మూడు మారులు జరిపి తీసినచో, ఎత్తుగానున్నచోట్ల మాత్రమే నీలి యంటును. అంటినచోట స్క్రేపరుతో గీకవలెను; గీకినపుడెల్ల ఊడివచ్చునది మైక్రాన్లలో కొలుచునంతటి దుమ్ము. తుడిచి, మరల పూసి, మరల ఆనించి, మరల గీకవలెను. మొదట రెండు మూడు పెద్దమచ్చలుగా దిగు నీలి, క్రమముగా చీలి, చిన్నచుక్కలై తలమంతట చల్లినట్లగును. చదరపు అంగుళమునకు ఇరువది చుక్కలు వచ్చినచో మేస్త్రీగారు తలయూపుదురు, అంతకు తక్కువైనచో టీ త్రాగుటకు లేచిపోవుదురు.

ఆ సర్ఫేసు ప్లేటు సమతలమని ఎట్లు తెలియును? ఈ ప్రశ్నకు సమాధానమును లోకమున కెల్ల చాటినవాడు జోసెఫ్ విట్వర్తు. 1840లో గ్లాస్గోలో జరిగిన సభయందాతడు, ఎమరీ పొడితో రెండు పలకలను ఒరయుట వట్టి భ్రమయనియు, గీకుటయే మార్గమనియు వాదించెను. రెండు పలకలు ఒకదానితో నొకటి చక్కగా కలిసినంతమాత్రమున అవి చదునని చెప్పరాదు. ఒకటి ఉబ్బెత్తుగను రెండవది పల్లముగను ఉన్నను కలియును. మూడు పలకలను తీసికొని, ఏ రెండింటిని జతచేసినను కలియునట్లు గీకుచు పోయినయెడల ఉబ్బునకు పల్లమునకు చోటులేక మూడును చదునగును. కొలబద్ద లేకయే పరమప్రమాణమును పుట్టించు నీ యుక్తిని తలచుకొన్నప్పుడెల్ల నాకు తర్కశాస్త్రము ఇనుపరజనులో కూడ దొరకునని తోచును.

పోతయినుముపై గీకినగుర్తుల సందులలో నూనె నిలుచుటచే నున్నగా మెరయు తలముకంటె గీకిన తలమే సుఖముగా జారును. మరియు పోతపోసిన యినుములో చల్లారునప్పుడు చిక్కుకొన్న ఒత్తిళ్లు కాలక్రమమున సడలుచుండుటచే, పూర్వపు యంత్రనిర్మాతలు పోతలను నెలలతరబడి యారుబయట ఎండకు వానకు విడిచి, పిమ్మటగాని చెక్కెడివారు కారు. నా యంత్రములోని యినుము మెలితిరుగదలచిన మెలికలన్నియు ఎన్నడో తిరిగి ఊరకున్నది. పాతదానిని కొనుటకు ధరయొక్కటే కారణము గాదనుట యిందుకే.

తుప్పు సంగతి స్వల్పము. చిన్నభాగములను చాకలిసోడా కలిపిన నీటిలో ముంచి, బ్యాటరీ చార్జరు ఋణాగ్రమును వానికిని ధనాగ్రమును పాత ఇనుపరేకునకును తగిలించి రాత్రి విడిచినచో తెల్లవారునప్పటికి తుప్పు మెత్తబడును. రేకు స్టెయిన్‌లెస్ స్టీలుదైనచో నీరు విషమగును గావున దానిని వాడరాదు. మిగిలినదంతయు కిరసనాయిలు, బనియను వేస్టు, ఓపిక. ఇత్తడి పేరుపలకను మా యింటావిడ చింతపండుతో తోమియిచ్చినది; ఈ మొత్తము వ్యవహారములో ఆమెకు నచ్చిన ఘట్ట మదొక్కటే.

ఇక కరెంటు. మోటారు పలకమీద 2 హార్సుపవరు, 415 వోల్టులు, మూడు ఫేజులు, 1440 చుట్లు అని యున్నది. మా యింటికి వచ్చునది 230 వోల్టుల సింగిల్ ఫేజు. ఈ రెండింటి భేదము పట్టణవాసికంటె రైతునకు నెక్కువ తెలియును. త్రీఫేజు కరెంటు ఏవేళకు వచ్చునో యని మోటారుబావి యొద్ద రాత్రులు జాగారము చేసినవారు, ఫేజు తక్కువైనప్పుడు కెపాసిటరు తగిలించి మోటారును నడుపబోయి వైండింగు కాల్చుకొన్నవారు, మన పల్లెలలో కొల్లలు. తెలంగాణమున సేద్యమునకు ఇరువదినాలుగు గంటల సరఫరా 2018 జనవరి 1నుండిగాని రాలేదు. సింగిల్ ఫేజు కరెంటులో అయస్కాంతక్షేత్రము ఒకేచోట పెరిగి తరుగుచుండునేకాని తిరుగదు. కావున మోటారు రొదచేయుచు నిలిచిపోవును. ఆవర్తనములో మూడవవంతు ఎడముతో మూడు ప్రవాహములు వచ్చినప్పుడు క్షేత్రమే గిరగిర తిరిగి రోటరును తనవెంట లాగుకొనిపోవును. 1891లో జర్మనీలోని లౌఫెనునుండి ఫ్రాంకుఫర్టువరకు సుమారు 175 కిలోమీటర్లు మూడుఫేజుల విద్యుత్తును పంపి చూపిననాటినుండి లోకమున యంత్రశాలలన్నియు దీనికే లోబడినవి.

కెపాసిటరుతో నడుపవచ్చును, శక్తిలో మూడవవంతు పోవును, మోటారు వేడెక్కును. ఇంటికే త్రీఫేజు కనెక్షను తీసికొనవచ్చును. నెలనెలా కట్టు స్థిరఛార్జీ పెరుగును. నాకు నచ్చినది వి.ఎఫ్.డి. అని అంగళ్లలో పిలుచు డ్రైవు. అది ఇంటికరెంటును మొదట డీసీగా మార్చి, పిదప ట్రాన్సిస్టరులతో ముక్కలుచేసి మూడు ఫేజులుగా విడుచును. కాని అది మూడుఫేజులను పుట్టింపగలదే కాని 230ని 415 చేయజాలదు. ఇచ్చటనే గణితము ఆదుకొన్నది. ఇట్టి చిన్నమోటార్లలో మూడుచుట్టలు స్టారుగా కలుపబడియుండును. ఆ కలయికలో నొక్కొక్క చుట్టకు దక్కునది 415ను మూడింటి వర్గమూలమైన 1.732చే భాగించిన 240 వోల్టులు మాత్రమే. అదే చుట్టలను డెల్టాగా మార్చి కలిపినచో 230 వోల్టులే వానికి చాలును. తంటా యేమనగా, నా మోటారునుండి మూడు తీగలే బయటికి వచ్చుచున్నవి. స్టారుముడి వైండింగులో దాగియున్నది. వైండింగు షాపు మేస్త్రీ వార్నిషును జాగ్రత్తగా కరిగించి, ఆ ముడిని వెదకి విప్పి, ఆరుతీగలు బయటికి తీసి, మెగ్గరుతో ఇన్సులేషను చూచి యిచ్చెను. డ్రైవుతో వేగమును తగ్గించుకొనవచ్చునుగదా యని గేర్లను మరువరాదు. వేగము తగ్గినకొలది మోటారు పంకాయు మెల్లగా తిరిగి గాలి చాలదు. ఎర్తింగు సరిగా లేనిచోట దీనిని తగిలింపనే రాదు.

మొదటి కోతకు దసరా ఆయుధపూజనాడు ముహూర్తము పెట్టుకొంటిమి. 80 మిల్లీమీటర్ల హెచ్చెస్సెస్ (హైస్పీడు స్టీలు) కట్టరు, మెత్తని ఉక్కు. నిమిషమునకు 25 మీటర్ల కోతవేగము కావలెనన్న చుట్లు నూరు చాలును. ఎదిరింటి బాబాయిగారు వచ్చి, ‘దీంతో ఏం చేస్తావురా?’ అని యడిగిరి. బల్లమీద జాబును బిగించుటకు టీ-నట్లు చేయుదుననగా, ‘అవి బజార్లో దొరకవా?’ అనిరి. దొరకును. స్క్రూలో మిగిలిన ప్లే వలన బల్లను కట్టరు తిరుగుడునకు ఎదురుగానే నడుపవలెను. వెంట నడిపినచో కట్టరు జాబును తనవైపునకు గుంజుకొని పండ్లు విరుగగొట్టుకొనును. ఎదురుగా నడిపితిమి. ఉక్కురజను కామాల ఆకృతిలో రాలినది, తలము కొసనుండి కొసకు ఒకేతీరున వచ్చినది.

పాత కార్ఖానాలను మూయువారికొక మనవి. యంత్రమును తూకమునకు వేయక తప్పనిచో వేయుడు. కాని దాని కట్టరును మోయు ఆర్బరును, ఓవరార్ము సపోర్టును, డ్రా బోల్టును, మార్పు గేర్లను, చేతిచక్రములను విడదీసి వేర్వేరు బస్తాలలో నమ్మకుడు. కంబము ఎక్కడనైన దొరకును; పోయిన ఆర్బరు సపోర్టు దొరకదు. వానినన్నిటిని ఒక తీగతో కట్టి బల్లమీదనే యుంచి యమ్మినచో, కొనువాడెవడైనను మీ పేరు చెప్పుకొనును.